అర్జీ మీద ఒక్క పేరే ఉంటే

2017 వేసవిలో ఒక సాయంత్రం మా ఇంటి వసారాలో జరిగింది అమ్మ చెబితేనే నాకు తెలుసు. అయినా నేను పక్కన కూర్చుని చూసినట్టే కళ్ల ముందు కదులుతుంటుంది. మోటారుసైకిలు దిగి ఒక అబ్బాయి వచ్చాడు. చెప్పులు గడప బయటే విడిచాడు. మా నాయన దగ్గర మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా చదువుకున్నవాడే. "అయ్యవారూ, బాగున్నారా" అని పలకరించి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నాయన చేతికిచ్చాడు. అది జిరాక్సు. పదిహేను రోజుల కిందట నాయన బస్సెక్కి వెళ్లి ఒక కార్యాలయంలో ఇచ్చి వచ్చిన అర్జీకి నకలు. కింద ఎడమవైపు ఇన్‌వర్డ్ ముద్ర, నంబరు, తేదీ. పైనంతా నాయన గుండ్రటి అక్షరాలు. "మీ దస్తూరీ ఏమీ మారలేదు అయ్యవారూ, చూడగానే గుర్తుపట్టాను" అన్నాడట. ఇంకేమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

కొట్టలేదు. తిట్టలేదు. బెదిరించాడని చెప్పడానికి ఒక్క మాట కూడా మిగల్చలేదు. నాయన ఆ కాగితాన్ని మడిచి ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

పెన్నా ఒడ్డున ఉన్న మా ఊరి పేరు ఇక్కడ రాయను. అమ్మ ఇంకా అక్కడే ఉంటోంది.

అర్జీలో ఉన్నది ఇసుక సంగతి. పెన్నా ఏడాది పొడవునా పారే నది కాదు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటి, సోమశిల దగ్గర ఆగి, మా దాకా వచ్చేసరికి ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. తెలియనివాళ్లు దాన్ని ఎండిన ఏరు అనుకుంటారు. ఒడ్డున పుట్టినవాళ్లకు తెలుసు, నీళ్లు ఇసుక కడుపులో ఉంటాయని. మా ఫిల్టర్ పాయింట్లకు, ఊటబావులకు, ఊరి తాగునీటి బావికి ఆ కడుపే ఆధారం. ఇసుకను లోతుగా తవ్వేస్తే చుట్టుపక్కల నీటిమట్టం ఆ గుంతలోకి జారుతుంది. అందుకే వంతెనలకు, ఆనకట్టలకు, తాగునీటి బావులకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నియమాలు చెబుతున్నాయి. మా ఊరి తాగునీటి బావికి 120 అడుగుల దూరంలో పొక్లెయిన్ దిగింది. నాయన టేపు పట్టుకుని కొలిచాడు. అర్జీలో ఆ అంకె రాశాడు. మనిషి పేరు ఒక్కటి కూడా రాయలేదు.

వ్యవస్థీకృత నేరం అనే మాట చదివినప్పుడు మనకు తుపాకులు, నల్ల అద్దాల కార్లు గుర్తొస్తాయి. మా ఊళ్లో అవేవీ లేవు. మా ఊళ్లో ఉన్నది పంపకం. లోడుకు ఇంత అని రామాలయానికి వెళుతుంది. గోపురం దానితోనే లేచింది. ఇసుక ఎత్తే కుర్రాళ్లకు పొలం కూలికి రెట్టింపు వస్తుంది. అప్పు చేసి ట్రాక్టరు కొన్నవాడికి కిస్తీ కట్టుకునే దారి అదే. రోడ్డు కూడలిలో ఫోను పట్టుకుని కూర్చుని, జీపు వస్తోందని కబురు పంపే పిల్లవాడికి రాత్రికి మూడు వందలు. శ్రీరామనవమికి పందిరి, వినాయక చవితికి లడ్డూ, ఎవరింట్లోనైనా పెద్ద జబ్బు వస్తే ఆసుపత్రికి కారు. ఎవరి వాటా వాళ్లకు న్యాయంగానే కనిపిస్తుంది. ప్రభుత్వాలు 2016లో ఇసుక ఉచితమన్నాయి, 2019లో కార్పొరేషన్ ద్వారా అమ్ముతామన్నాయి, 2024లో మళ్లీ ఉచితమన్నాయి. విధానం మారిన ప్రతిసారీ బండి మీద చూపించే కాగితం మారింది. పంపకం మారలేదు.

కాబట్టి నాయన అర్జీ ఏదో ఒక ముఠా నాయకుడికి తగిలిందనుకుంటే పొరపాటు. గోపురానికి తగిలింది, ట్రాక్టరు కిస్తీకి తగిలింది, పిల్లవాడి మూడు వందలకు తగిలింది. ఊరు ఆయన మీద కోపగించుకోలేదు. పక్కకు తప్పుకుంది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ తప్పుకోవడం గురించే.

నేరాన్ని ఎదిరించిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు మనం దాడుల గురించే మాట్లాడతాం. చెయ్యి విరిగిందా, ఇల్లు తగలబడిందా, ప్రాణం పోయిందా అని అడుగుతాం. ఇవేవీ జరగకపోతే "ఏమీ కాలేదుగా" అంటాం. మాకు అయినదేమిటో చెబుతాను.

2018 మార్చిలో మా మూడెకరాల వరి కోతకొచ్చింది. ఇప్పుడు చేత్తో కోసేవాళ్లెవరు? మిషను రావాలి. మిషన్లను ఊళ్లో ఏజెంట్లు మాట్లాడిపెడతారు. మొదటి ఏజెంటు ఎల్లుండి అన్నాడు. ఎల్లుండి అడిగితే చక్రం విరిగిందన్నాడు. రెండో ఏజెంటు ఫోను ఎత్తలేదు. మా చేనుకు అటూ ఇటూ ఉన్న పొలాలు కోసి, గట్టు మీదుగానే మిషను వెళ్లిపోయింది. నాయన గట్టు మీద నిలబడి చూశాడు. డ్రైవరు తమిళనాడు నుంచి వచ్చినవాడు, అతనికి ఈ గొడవ ఏమీ తెలియదు. మా మడి వైపు చేయి చూపి, ఇది కోయాలా అని సైగ చేశాడట. పక్కన కూర్చున్న ఏజెంటు తల అడ్డంగా ఊపాడు. పన్నెండు రోజులు చేను అలాగే నిలబడింది. గింజ రాలిపోయింది. ఎకరాకు మూడు పుట్లు కావలసిన చోట రెండు పుట్లు కూడా దక్కలేదు. చివరికి వేరే మండలం నుంచి కూలీలను పిలిపించి, రెట్టింపు ఇచ్చి కోయించాం.

అదే ఏడాది కందుకూరు వైపు నుంచి చెల్లెలికి ఒక మంచి సంబంధం వచ్చింది. చూపులు అయ్యాయి, మాటలు అయ్యాయి. తరువాత మధ్యవర్తి ఫోను చేసి, "అయ్యవారు బంగారంలాంటి మనిషి, అందులో సందేహం లేదు. కానీ కేసులున్న ఇల్లు కదమ్మా" అన్నాడు. కేసు నిజంగానే ఉంది. ట్రాక్టరును అడ్డగించి డ్రైవరు మీద చేయి చేసుకున్నాడని నాయన మీద పెట్టారు. ఆయనకు అప్పటికి అరవై ఆరేళ్లు, మోకాళ్లు వంగవు. నాలుగేళ్లలో 31 వాయిదాలు తిరిగి, చివరికి సాక్షులు రాక అది కొట్టుడుపోయింది. వాయిదా ఉన్న రోజున తెల్లవారుజామునే లేచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిను కూడా తినకుండా బస్టాపులో నిలబడేవాడు. అదే బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఆయనకు నాలుగడుగుల దూరంలో నిలబడేవాళ్లు. ముప్పై ఏళ్లు వాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి.

అమ్మకు రాత్రిళ్లు ట్రాక్టరు చప్పుడు వినిపిస్తే నిద్ర పట్టేది కాదు. చప్పుడు వినిపించకపోయినా పట్టేది కాదు, ఎందుకు రాలేదా అని. "ఆయన సంతకం పెట్టింది ఒక్కచోట. లెక్క మాత్రం ఇంటిల్లిపాదీ కట్టాం" అంటుంది.

ఇక నా సంగతి. నేను చెన్నైలో ఉద్యోగం చేసుకుంటున్నాను. చెల్లెలి సంబంధం తప్పిపోయిన వారం, ఆఫీసు మెట్ల మీద నిలబడి నాయనకు ఫోను చేశాను. ఇక చాలు, ఆపెయ్యమన్నాను. ఇసుక నీ ఒక్కడిదా అని అడిగాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "సరే నాయనా, నువ్వు తిన్నావా" అన్నాడు. ఆ తరువాత ఆయన ఇంకో అర్జీ రాయలేదు. జిరాక్సు తెచ్చిన అబ్బాయి చేయలేని పని నేను చేశాను. ఇది రాయకుండా తక్కినదంతా రాయడం అన్యాయమవుతుంది.

2022లో నాయన పోయాడు. పెద్దకర్మకు ఊరంతా వచ్చింది. విస్తళ్ల దగ్గర, అరుగు మీద, ఎక్కడ చూసినా ఒకటే మాట: ఎంత ధైర్యవంతుడో, ఒంటరిగా నిలబడ్డాడు, ఇలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని. అంతకు కొన్ని నెలల ముందే, 2021 నవంబరులో, పెన్నాకు పెద్ద వరద వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిందని అందరూ పత్రికల్లో చూశారు. మా ఊరి దగ్గర, గుంతలు తవ్విన చోటే, ఒడ్డు కోసుకుపోయి పొలాలు ఏట్లో కలిశాయి. "అయ్యవారు ఆనాడే చెప్పారు" అన్నారు అప్పుడు కూడా. ఆ మాట విని నాయన సంతోషించలేదు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఒంటరిగా నిలబడ్డాడు అనే పొగడ్త నాకు ఎంత కోపం తెప్పిస్తుందో చెప్పలేను. ఒంటరిగా నిలబడ్డాడంటే తక్కినవాళ్లు నిలబడలేదని అర్థం. ఆ మాట అంటున్నవాళ్లే ఆ తక్కినవాళ్లు. ధైర్యాన్ని పొగడడం మనకు అలవాటైన మర్యాద. దానివల్ల మన వంతు తీరిపోయినట్టు ఉంటుంది. ఒక మనిషి చేసిన పనిని అతని గుణంగా మార్చేస్తే, ఆ గుణం లేని మనం చేయవలసిందేమీ ఉండదు.

ప్రభుత్వం కూడా ఇదే చేస్తుంది. సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్ల పనిలో అవినీతి జరుగుతోందని 2002లో ప్రధాని కార్యాలయానికి లేఖ రాశాడు. తన పేరు రహస్యంగా ఉంచమని అందులోనే వేడుకున్నాడు. లేఖ అతని పేరుతో సహా కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దోపిడీ ప్రయత్నంలో జరిగిన హత్య అని సీబీఐ తేల్చింది. తేల్చనీయండి. పేరు దాచమని అడిగిన మనిషి పేరు దాచలేకపోయారన్నది మాత్రం ఏ దర్యాప్తూ చెరపలేని సంగతి. నేను ఆ లేఖ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది మా వసారా, నాలుగు మడతల జిరాక్సు.

ఆ తరువాత చాలా చర్చ జరిగి, అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణకు ఒక చట్టం చేశారు. దానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. ఇన్నేళ్లయినా దాన్ని అమల్లోకి తేలేదు. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా పాటించాలన్నది. మంచి పథకమే, జిల్లా జడ్జి ఆధ్వర్యంలో కమిటీ, ముప్పు ఎంతో అంచనా వేసే నివేదిక, అన్నీ ఉన్నాయి. కానీ అది మరణశిక్ష, యావజ్జీవం, లేదా ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాలకు, మహిళలపై జరిగే కొన్ని నేరాలకు మాత్రమే వర్తిస్తుంది. గనుల చట్టం కింద అక్రమ తవ్వకానికి పడే శిక్ష ఎక్కువలో ఎక్కువ అయిదేళ్లు. అంటే మా నాయన వెళ్లి అడిగినా, మీరు చెప్పే నేరం మీకు రక్షణ ఇచ్చేంత పెద్దది కాదు అనే సమాధానమే వచ్చేది. మధ్యప్రదేశ్‌లోని భిండ్‌లో సందీప్ శర్మ అనే విలేఖరి ఇసుక మాఫియా గురించి వార్తలు ఇచ్చి, తనకు ప్రాణభయం ఉందని, రక్షణ కావాలని అధికారులను అడిగాడు. 2018 మార్చి 26న పట్టపగలు ఒక లారీ అతని మోటారుసైకిలును తొక్కేసింది.

ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 111వ సెక్షన్ వ్యవస్థీకృత నేరానికి అయిదేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. ప్రాణం పోతే మరణశిక్ష కూడా. వినడానికి గట్టిగానే ఉంది. ఆ సెక్షన్ పడాలంటే వెనకటి పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు ఉండాలి. ఆ చార్జిషీట్లు పుట్టాలంటే ముందు ఎవరో ఒకరు అర్జీ రాయాలి. చట్టం కట్టిన మేడంతా ఆ ఒక్క అర్జీ మీద నిలబడి ఉంది. ఆ అర్జీ రాసినవాడి వరి కోయడానికి మాత్రం మిషను రాదు.

అయితే ఏమి చేయాలి? ఊరుకోమని నేను అనడం లేదు. ఒకసారి అన్నాను, దాని ఫలితం మోస్తున్నాను. నేను అడుగుతున్నది ఇది: ఫిర్యాదుకు మనిషి పేరు ఎందుకు కావాలి? లంచం అడిగాడనో, కొట్టాడనో చెప్పేటప్పుడు చెప్పినవాడెవరో తెలియాలి, ఒప్పుకుంటాను. ఏట్లో గుంత అలా కాదు. అది అక్కడే ఉంటుంది. టేపు పట్టి కొలవవచ్చు. ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. రాత్రి రోడ్డు మీద నిలబడితే బండ్లు లెక్కకు దొరుకుతాయి. ఇలాంటి నేరానికి ఫిర్యాదుదారుడి గుణగణాలతో పనిలేదు. అసలు గనుల చట్టం కింద కోర్టు కేసు తీసుకోవాలంటే అధికారమున్న ఉద్యోగి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని 22వ సెక్షనే అంటోంది. ఇసుక దొంగతనం కింద పోలీసులు విడిగా కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసింది. ఎటు చూసినా సంతకం చేయవలసింది జీతం తీసుకుంటున్న ఉద్యోగి. ఆ పని రిటైరైన బడి పంతులు నెత్తిన పడేసి, ఆయన పేరు ఉన్న కాగితాన్ని గాలికి వదిలేయడం ఏ పాలన? ఆకాశరామన్న ఉత్తరాలతో పగలు తీర్చుకుంటారని ఒక వాదన ఉంది. తీర్చుకోనివ్వండి. వెళ్లి చూడండి, గుంత లేకపోతే తిరిగి రండి. ఒక జీపు డీజిలు ఖర్చు ఒక కుటుంబం కంటే ఎక్కువ కాదు.

రెండోది ఊరికి చెందిన సంగతి. ఇటలీలోని పలెర్మో నగరంలో లిబెరో గ్రాస్సీ అనే బట్టల కర్మాగారం యజమాని మాఫియాకు మామూళ్లు ఇవ్వనని 1991 జనవరిలో పత్రికలో బహిరంగ లేఖ రాశాడు. తోటి వ్యాపారులు అతనికి తోడు రాలేదు సరికదా, అనవసరంగా రచ్చ చేస్తున్నాడన్నారు. ఆగస్టు 29న ఇంటి దగ్గరే కాల్చి చంపారు. అదే నగరంలో 2004లో కొందరు యువకులు మామూళ్లకు వ్యతిరేకంగా గోడల నిండా స్టిక్కర్లు అంటించారు. తరువాత మామూళ్లు ఇవ్వని దుకాణాల జాబితా తయారైంది. ఒక్కడి పేరు ఉన్నప్పుడు చంపారు. జాబితా అయ్యాక చంపవలసిన మనిషి ఎవరో తేలక తడబడ్డారు.

ఇంత దూరం పోనక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంట మా నెల్లూరు జిల్లాదే. 1990లో మొదలైన అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రి బడికి వెళ్లారు, సీతమ్మ కథ అనే పాఠం చదివారు, తమ కథే అనుకున్నారు. 1992లో సారా అమ్మకాన్ని ఆపేశారు. సారా కాంట్రాక్టర్లు అప్పట్లో ఎంత బలవంతులో, వాళ్ల వెనుక ఎవరుండేవారో మా పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఈనాటి ఇసుక వాళ్లకంటే ఆ కాంట్రాక్టర్లేమీ తక్కువ కాదు. ఆ ఉద్యమంలో ముందు నడిచిన రోశమ్మ పేరు మనకు గుర్తుంది, ఉండాలి. కానీ ఆ రోజు సారా వాళ్లు గొడవకు వస్తే ఎవరి ఇంటికి రావాలి? ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వీధిలో ఉంది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1న రాష్ట్రమంతా ఆగింది. మా నాయన ఆ అక్షరాస్యత కేంద్రాల్లో పాఠం చెప్పినవాడే. అయినా తన వంతు వచ్చేసరికి ఒక్కడే కూర్చుని, తన చక్కటి దస్తూరీతో, ఒక్కడే సంతకం పెట్టాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకులే అనుకున్నాడట. ఆ మంచితనమే ఆయనను ఒంటరిని చేసింది.

మొదట ఎవరో ఒకరు గొంతు విప్పాలి కదా, అని మీరు అడగవచ్చు. విప్పాలి. అయితే వీధిలో మొదట మాట్లాడడం వేరు, కాగితం మీద మొదటి పేరు ఉండడం వేరు. వీధిలో మాట్లాడిన మాటకు ఇన్‌వర్డ్ నంబరు ఉండదు.

పోయిన వేసవిలో మా ఊరి తాగునీటి బావి అడుగంటింది. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు అర్జీ పెట్టాలనుకున్నారు. అయ్యవారి ఇల్లు కదా అని అమ్మ దగ్గరకు వచ్చారు. వచ్చినవాళ్లలో, మా చేను కోయనివ్వని ఏజెంటు భార్య కూడా ఉంది. అమ్మ ఆమెకూ మంచినీళ్లు ఇచ్చింది. తరువాత రెండు మాటలు చెప్పిందట. చేత్తో రాయవద్దు, నెల్లూరు వెళ్లి కంప్యూటర్‌లో కొట్టించండి, ఎవరి దస్తూరీ ఉండకూడదు. సంతకాలు ఇంటి నంబర్ల వరుసలో పెట్టండి, ముందెవరు వెనకెవరు అనేది ఉండకూడదు. ఇసుక అనే మాట రాయలేదు. బావిలో నీళ్లు లేవు, ఎందుకు లేవో వచ్చి చూడండి, అని మాత్రమే రాశారు. 64 ఇళ్ల నుంచి సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. అమ్మది 38వది. ట్రాక్టర్లున్న రెండిళ్ల ఆడవాళ్లు కూడా పెట్టారు.

జీపులో ఇద్దరు వచ్చి బావి చూసి, ఏట్లోకి దిగి కొలతలు తీసుకున్నారు. ఏమి రాసుకున్నారో ఇంకా బయటికి రాలేదు. బండ్లు పూర్తిగా ఆగలేదు, బావి దగ్గర మాత్రం తిరగడం లేదు. నకలు పట్టుకుని ఇప్పటిదాకా ఎవరూ ఏ గడపా తొక్కలేదు.

ఎడగారు (రెండో పంట) కోతలప్పుడు అమ్మ ఫోను చేసింది. మిషను చెప్పిన రోజే వచ్చిందని, మన మూడెకరాలూ పొద్దు గుంకే లోపలే అయిపోయాయని చెప్పింది. డ్రైవరుకు మజ్జిగ ఇవ్వడానికి తనే గట్టు దాకా వెళ్లిందట.